మీ ప్రశ్నలు, మా జవాబులు: మెదడు పైపొరలో ఏది ఎక్కడ?

గత సంచికలో మెదడుకు రక్తప్రసరణ ఎలా జరుగుతుందో వివరించిన తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మెదడు పైపొర చుట్టూనే తిరిగాయి. పాఠ్యపుస్తకాలు దీనిని మస్తిష్క వల్కలం అంటాయి; ఆస్పత్రులలో కార్టెక్స్ అన్న మాటే చెల్లుబాటు అవుతుంది. ఇక్కడ రెండు మాటలూ వాడుతున్నాను. ఉత్తరాలను కుదించి, ఒక జవాబు తరువాతి జవాబుకు ఆసరా అయ్యేలా వరుస మార్చాను.

ప్రశ్న: మెదడు బొమ్మ ఎక్కడ చూసినా ముడతలతో కనిపిస్తుంది. ఆ ముడతలు ఎందుకు పడతాయి? ముడతలు ఎక్కువగా ఉంటే తెలివి ఎక్కువ అంటారు, నిజమేనా? (ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని)

జవాబు: వల్కలం అంటే చెట్టు బెరడు. లాటిన్‌లో కార్టెక్స్ అన్న మాటకూ అదే అర్థం కనుక, ఈ పదాన్ని తెలుగులోకి తెచ్చినవారు సరైన మాటనే ఎంచుకున్నారు. అయితే ఆ పోలిక ఒక విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. చెట్టు బెరడు పైభాగం చాలావరకు నిర్జీవం, లోపలి చెట్టును కాపాడడం దాని పని. మెదడు బెరడు కవచం కాదు; చూడడం, తాకి తెలుసుకోవడం, మాట్లాడడం, ఆలోచించడం వంటి పనులన్నింటిలోనూ ముందుండే సజీవమైన కణజాలం అది.

మనిషిలో ఈ పొర మందం చోటును బట్టి సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. మెదడులోని రెండు సగాల, అంటే రెండు అర్ధగోళాల, ముడతలనూ విప్పి పరచగలిగితే వైశాల్యం 2,000 నుంచి 2,500 చదరపు సెంటీమీటర్లు, అంటే దినపత్రికలో ఒక పుటకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అంత పుటను చింపకుండా పుర్రెలో పట్టించాలంటే నలపక తప్పదు. పైకి ఉబికిన భాగాలను గట్లు అనీ, వాటి మధ్య లోపలికి దిగిన భాగాలను గాడులు అనీ అనుకుందాం. కార్టెక్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ గాడుల గోడలలోనూ అడుగుననూ దాగి ఉంటుంది కనుక, మీరు బొమ్మలో చూస్తున్నది అసలు పొరలో మూడో వంతు మాత్రమే.

మెదడును అడ్డంగా కోస్తే అంచు వెంబడి గట్టూ గాడీ అనుసరిస్తూ సాగే బూడిద రంగు పట్టీ ఒకటి, దాని లోపల తెల్లటి భాగం ఒకటి కనిపిస్తాయి. నాడీకణాల దేహాలు ఉన్నది ఆ బూడిద పట్టీలో. ఆ కణాల నుంచి బయలుదేరే పొడవాటి తంతువులు కొవ్వుతో కూడిన తొడుగు వేసుకొని లోపలి నుంచి ప్రయాణిస్తాయి కనుక లోపలి భాగం తెల్లగా ఉంటుంది.

ఇక ముడతల సంగతి. గర్భంలో ఆరో నెల ప్రాంతం వరకు శిశువు మెదడు చాలావరకు నున్నగానే ఉంటుంది. చివరి మూడు నెలల్లో ముడతలు వేగంగా ఏర్పడతాయి. లోపలి భాగం కంటే పైపొర త్వరగా విస్తరించడం ఇందుకు ముఖ్య కారణమని భావిస్తున్నారు. 2016లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో గర్భస్థ శిశువు నున్నటి మెదడు ఆకారంలో జెల్ బొమ్మను పోతపోసి, దాని పైపొర మాత్రమే ద్రవాన్ని పీల్చుకొని ఉబ్బేలా చేసినప్పుడు, ఆ బొమ్మ మీద మనిషి మెదడులో ఉన్నట్టే గట్లూ గాడులూ ఏర్పడ్డాయి. అందులో జీవకణం ఒక్కటీ లేదు. ముడత పడడంలో పెద్ద పాత్ర ఒత్తిడిదేనని చూపించిన ఆ ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. అయితే నాడీకణాలు పుట్టిన చోటి నుంచి పైకి పాకి తమ స్థానాలకు చేరడం సరిగా జరగకపోతే ముడతలు ఏర్పడవు. అలా నున్నటి మెదడుతో పుట్టే పిల్లలకు మూర్ఛలు, తీవ్రమైన ఎదుగుదల లోపాలు వస్తాయి.

ముడతలకూ తెలివికీ ముడిపెట్టి మీరు విన్న లెక్క మాత్రం నిలవదు. డాల్ఫిన్ల కార్టెక్స్ మనదాని కంటే ఎక్కువ ముడతలు పడి ఉంటుంది. ఆఫ్రికా ఏనుగు మెదడు బరువు మన మెదడుకు మూడు రెట్లకు పైనే, అందులోని నాడీకణాలు దాదాపు 25,700 కోట్లు; కాని వాటిలో నూటికి 98 వంతులు చిన్న మెదడులోనే ఉంటాయి, పెద్ద మెదడు కార్టెక్స్‌కు దక్కేవి సుమారు 560 కోట్లు. మన మెదడు మొత్తంలో ఉన్నవి దాదాపు 8,600 కోట్లే అయినా, కార్టెక్స్‌లో సుమారు 1,600 కోట్లు ఉంటాయి. మనుషులలో మనిషికీ మనిషికీ మధ్య తెలివి తేడాను ముడతలు లెక్కపెట్టి చెప్పడం సాధ్యం కాదు.

ప్రశ్న: కార్టెక్స్‌లో ఆరు పొరలు ఉంటాయని చదివాను. 3 మిల్లీమీటర్ల మందంలో ఆరు పొరలేమిటి? అవి నిజంగా కనబడతాయా, లేక బొమ్మ గీయడానికి చేసుకున్న ఏర్పాటా? (పదవీ విరమణ చేసిన ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు)

జవాబు: కనబడతాయి, కాని రంగు వేస్తేనే. రంగు వేయని ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే పారదర్శకమైన ముద్ద తప్ప ఏమీ తెలియదు. 1873లో ఇటలీకి చెందిన కమీలో గోల్గీ వెండి లవణంతో కణజాలానికి రంగు పట్టించే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతిలోని మహిమ దాని లోపంలోనే ఉంది. అన్ని కణాలకూ పట్టకుండా ఏ కొద్ది కణాలకో మాత్రమే నల్లగా రంగు పడుతుంది కనుక, కిక్కిరిసిన అడవిలో ఒక్క చెట్టును వేరు నుంచి చిగురు దాకా విడిగా చూసినట్టు ఒక కణం మొత్తంగా కనిపిస్తుంది. స్పెయిన్‌కు చెందిన శాంతియాగో రమోన్ ఇ కహాల్ ఆ పద్ధతిని మెరుగుపరచి ఏళ్ల తరబడి బొమ్మలు గీశారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మెదడంతా ఒకే అల్లిక వలలాంటిదని గోల్గీ, కాదు, ప్రతి నాడీకణం విడి కణమేనని కహాల్, ఒకే వేదిక మీద పరస్పర విరుద్ధంగా ఉపన్యసించారు. కాలం కహాల్ పక్షాన నిలిచింది.

ఆరు పొరలనూ పై నుంచి లోపలికి లెక్కిస్తారు. మొదటి పొరలో కణాలు బహు కొద్ది. కింది కణాల కొమ్మలూ, దూరం నుంచి వచ్చే తంతువులూ అక్కడ కలుస్తాయి. రెండు, మూడు పొరలలోని కణాలు ప్రధానంగా కార్టెక్స్‌లోని ఇతర ప్రాంతాలతో మాట్లాడతాయి. నాలుగో పొర వాకిలి వంటిది. కన్ను, చెవి, చర్మం నుంచి వచ్చే సమాచారం మెదడు లోపల నడుమ ఉండే థాలమస్ అనే కూడలి మీదుగా ముఖ్యంగా ఇక్కడికే చేరుతుంది. ఐదో పొర నుంచి ఆజ్ఞలు బయటికి, అంటే మెదడు కాండానికీ వెన్నుపాముకీ వెళతాయి. ఆరో పొర థాలమస్‌కు తిరుగు జాబులు పంపుతుంది. ఇది స్థూలమైన పంపకమే సుమా, ఏ పొరా తన పనికి మాత్రమే కట్టుబడి ఉండదు.

ఈ పంపకం తెలిస్తే, ఒక ముక్కను చూసి అది ఎక్కడిదో ఊహించవచ్చు. సమాచారం వచ్చి పడే ప్రాంతాలలో నాలుగో పొర దిట్టంగా ఉంటుంది. ఆజ్ఞలు పంపే చలన ప్రాంతంలో నాలుగో పొర దాదాపు కానరాదు, ఐదో పొరలో మాత్రం భారీ కణాలు ఉంటాయి. 1874లో కీవ్ నగరానికి చెందిన వ్లదీమిర్ బెట్స్ వర్ణించిన కణాలివి. వాటిలో కొన్నింటి తంతువులు మెదడు నుంచి నడుము ఎత్తు దాకా వెన్నుపాములో ఒకే కణంగా దిగివస్తాయి. ఇలా పొరల తేడాలను బట్టి జర్మన్ శాస్త్రజ్ఞుడు కోర్బినియన్ బ్రోడ్‌మన్ 1909లో కార్టెక్స్‌ను ప్రాంతాలుగా విభజించి అంకెలు ఇచ్చారు. ఆ అంకెలు నేటికీ వాడుకలో ఉన్నాయి: 4 అంటే చలనం, 17 అంటే చూపు, 44, 45 అంటే మాట.

కంటితో నేరుగా చూడగలిగే పొర ఒక్కటి ఉంది. 1776లో పార్మా నగరంలో ఫ్రాన్సిస్కో జెన్నారి అనే వైద్య విద్యార్థి గడ్డకట్టించిన మెదడును కోస్తూ, వెనుక భాగంలోని బూడిద పట్టీ మధ్యలో సన్నని తెల్లటి గీత ఉందని గమనించాడు. అది నాలుగో పొరలోని తొడుగు తంతువుల గుంపు. విద్యార్థిగా ప్రయోగశాలలో ఆ ముక్కను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నేను దానిని కత్తి గాటు అనుకొని వేలితో తుడవబోయాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గాడి గోడ వెంబడి వంపు తిరిగి, ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ గీత ఆగిన చోటే ప్రాథమిక దృష్టి ప్రాంతం ముగుస్తుంది. ప్రకృతి తానే గీసిన అటువంటి సరిహద్దు కంటికి అంత స్పష్టంగా కార్టెక్స్‌లో మరెక్కడా కనబడదు.

పొరల చిత్రం ఎంత సులువుగా కనిపించినా, లోపలి అల్లిక అంతు పట్టేది కాదు. మూర్ఛ వ్యాధికి శస్త్రచికిత్స చేసినప్పుడు తీసిన ఒక చిన్న ముక్కలో సుమారు ఒక ఘన మిల్లీమీటరు భాగాన్ని అతి పలుచని పొరలుగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చిత్రించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. అంత చిన్న భాగంలో సుమారు 57 వేల కణాలు, 15 కోట్ల సినాప్స్‌లు, అంటే కణానికీ కణానికీ మధ్య సంధులు, లెక్క తేలాయి.

ప్రశ్న: మా నాన్నగారికి మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మూతి దెబ్బతిన్నాయి, మాట పోయింది. కుడి కాలు మాత్రం త్వరగా కోలుకుని నడుస్తున్నారు. మేము చెప్పేది ఆయనకు అర్థమవుతోంది. తన పేరు చెప్పడానికే అవస్థ పడే మనిషి, మొన్న పాత పాట పల్లవిని మాటలతో సహా తడబడకుండా పాడారు. డాక్టరు గారూ, ఇది ఎలా సాధ్యం? మాట ఆయనలో ఉన్నట్టా, పోయినట్టా? (ఒక కుమార్తె)

జవాబు: అమ్మా, మీ నాన్నగారి స్కానింగ్ చూడకుండా ఆయన విషయంలో తీర్పు చెప్పడం నాకు తగదు. అయితే మీరు రాసిన లక్షణాల కలయిక వైద్యులకు బాగా పరిచితమైనది, దానికి కార్టెక్స్ పటంలోనే వివరణ ఉంది.

మెదడు నుంచి దిగే చలన తంతువులలో అధిక భాగం మెదడు కాండం కింది కొసన ఉన్న మజ్జాముఖం దగ్గర అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి కనుక కుడి చేతిని నడిపేది ఎడమ అర్ధగోళం. ఆ అర్ధగోళం పక్క భాగంలో పై నుంచి కిందికి దిగే ఒక పెద్ద గాడి ఉంది, దానికి ముందున్న గట్టు చలన ప్రాంతం. దాని మీద శరీరం తలకిందులుగా పరచి ఉంటుంది. కాలికి సంబంధించిన చోటు అర్ధగోళం నడినెత్తిన మొదలై, రెండు అర్ధగోళాల మధ్య చీలికలోకి దిగుతుంది. పక్క భాగంలో నడుము, భుజం, చెయ్యి, వేళ్లు, ముఖం, పెదవులు, నాలుక వరుసగా కిందికి వస్తాయి. చోటు పంపకం అవయవం పరిమాణాన్ని బట్టి కాక, దాని కదలికలోని నేర్పును బట్టి జరుగుతుంది. వీపు మొత్తానికి దక్కిన దానికంటే బొటనవేలికి దక్కిన చోటే ఎక్కువ.

ఇప్పుడు రక్తనాళాలను ఈ పటం మీద పరచి చూడండి. పక్క భాగానికి రక్తం అందించేది మధ్య మస్తిష్క ధమని. చీలికలోని లోపలి ముఖానికి అందించేది ముందరి మస్తిష్క ధమని. మధ్య ధమని కొమ్మలో గడ్డ అడ్డుపడితే ముఖం, చెయ్యి దెబ్బతింటాయి, వేరే ధమని పరిధిలో ఉన్న కాలు చాలావరకు తప్పించుకుంటుంది. నాలుక, పెదవుల చోటుకు సరిగ్గా ముందు, అదే ధమని పరిధిలో, మాట పలకడానికి అవసరమైన ప్రాంతం ఉంది. కుడిచేతి వాటం ఉన్నవారిలో దాదాపు అందరికీ, ఎడమచేతి వాటం వారిలోనూ ఎక్కువ మందికి, అది ఎడమ వైపే ఉంటుంది. చెయ్యి, మూతి, మాట కలిసి పోవడానికీ, కాలు మిగలడానికీ కారణం ఇదే.

ఆ ప్రాంతానికి పాల్ బ్రోకా పేరు వచ్చిన వైనం మీ ప్రశ్నకు దగ్గరిది. 1861లో పారిస్‌లో బ్రోకా దగ్గరకు వచ్చిన ఒక రోగి ఎన్నో ఏళ్లుగా 'తాన్' అన్న ఒక్క అక్షరం తప్ప దాదాపు మరేమీ పలకలేకపోయాడు. అడిగింది అర్థమయ్యేది, వేళ్లతో లెక్క చూపేవాడు, కోపం వస్తే ఒక తిట్టు మాత్రం నోటి నుంచి వచ్చేది. ఆయన మరణించాక బ్రోకా మెదడును పరీక్షించి ఎడమ ముందుభాగంలో కింది గట్టు దెబ్బతిన్నట్టు చూపించారు. మెదడులో ఒక పనికి ఒక చోటు ఉందనడానికి అది తిరుగులేని సాక్ష్యంగా నిలిచింది. బ్రోకా దూరదృష్టితో ఆ మెదడును ముక్కలు చేయకుండా భద్రపరిచారు. దానిని ఎం.ఆర్.ఐ. తీసి 2007లో ప్రకటించిన ఫలితాల్లో గాయం పైపొరతో ఆగక, లోపలి తెల్ల పదార్థంలోని తంతువుల దాకా పాకినట్టు తేలింది. పోయినది చోటు మాత్రమే కాదు, చోట్లను కలిపే దారులు కూడా.

మీరు అడిగిన మాట ఉన్నట్టా, పోయినట్టా అన్న దానికి జవాబు ఇక్కడే ఉంది. పటంలో ఒక చోటు చెడితే ఒక పని ఆగిపోయిందంటే, ఆ పని మొత్తం ఆ చోట్లోనే కాపురం ఉందని కాదు. ఆ పనికి ఆ చోటు అవసరం అని మాత్రమే. వంతెన కూలితే బస్సులు ఆగిపోతాయి, అంతమాత్రాన బస్సులు వంతెనలో ఉండేవని అనుకోము కదా. అప్పటికప్పుడు పదాలను ఏరి వాక్యంగా కూర్చడానికి బ్రోకా ప్రాంతమూ దాని దారులూ కావాలి. చిన్ననాటి నుంచి నాలుక మీద ఆడిన పాట, అంకెల వరుస, పలకరింపు, తిట్టు వంటివి అలవాటుగా ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. వాటికి కుడి అర్ధగోళం తోడ్పాటూ ఉంటుందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. ఆ పల్లవి వచ్చినంత మాత్రాన ఆయన మిగతా మాటల విషయంలో ప్రయత్నం మానుకున్నారని ఇంట్లో ఎవరూ అనుకోకూడదు. దీనినే ఆధారం చేసుకొని, మాటను రాగంలో పలికిస్తూ క్రమంగా రాగాన్ని తగ్గించే చికిత్సను 1970ల నుంచి వాడుతున్నారు. మీ వాక్ చికిత్సకులను అడిగి చూడండి.

ఇంట్లో చేయగలిగినవి చిన్నవే. ఒక్కొక్కరే మాట్లాడండి, టీవీ ఆపి మాట్లాడండి, అవును, కాదు అని చెప్పగలిగేలా అడగండి, ఆయన పదం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకుండా కాసేపు ఆగండి. వినికిడి లోపం లేని మనిషి దగ్గర గొంతు పెంచడం వలన లాభం లేదు, ఆయనకు చిన్నతనం తప్ప. కోలుకోవడం తొలి నెలల్లో వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుందే గాని అక్కడితో ముగియదు. ఒకవేళ మళ్లీ ఎప్పుడైనా హఠాత్తుగా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, తగ్గుతుందేమోనని ఎదురు చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి.

ప్రశ్న: మనం మెదడులో 10 శాతమే వాడతామన్నది నిజమా?

జవాబు: కాదు. శరీరం బరువులో 2 శాతం ఉండే మెదడు, విశ్రాంతిగా ఉన్నప్పుడు మన శక్తిలో దాదాపు 20 శాతాన్ని ఖర్చు చేస్తుంది. తొమ్మిది వంతులు పనిచేయని అవయవానికి ఏ శరీరమూ అంత ఖర్చు భరించదు. ఒక్క క్షణంలో అన్ని కణాలూ కలిసి మోగవన్నది, అంటే సంకేతాలు పంపవన్నది, నిజమే, కాని అది లోపం కాదు. కార్టెక్స్‌లో సుమారు అయిదో వంతు నాడీకణాలు ఇతర కణాలను అదుపు చేయడానికే ఉన్నాయి. ఆ అదుపు తప్పి పెద్ద గుంపులు ఒక్కసారిగా మోగితే వచ్చేది మూర్ఛ, మేధస్సు కాదు.

ప్రశ్న: తల వెనుక దెబ్బ తగిలితే కళ్ల ముందు చుక్కలు కనబడతాయి. కళ్లు ముందుంటే, చూపు వెనుక ఎందుకు ఉంది? (ఒక పాఠకుడు)

జవాబు: ఆ చుక్కలు కంట్లో పుట్టినవి కావు, దెబ్బ అదురుకు వెనుకనున్న దృష్టి ప్రాంతంలోని కణాలు మోగితే అవి వెలుగుగానే తోస్తాయి. ఆ ప్రాంతానికి వెలుగు తప్ప వేరే భాష రాదు.

కార్టెక్స్‌లో చూపు పటాన్ని యుద్ధం గీసింది. 1904, 1905 సంవత్సరాలలో జరిగిన రష్యా, జపాన్ యుద్ధంలో తూటాలు తలలోంచి దూసుకుపోయినా బతికిన సైనికులు ఉన్నారు. చూపు ఎంత పోయిందో కొలిచి భృతి నిర్ణయించే పనిలో ఉన్న తాత్సుజి ఇనోయే అనే యువ నేత్రవైద్యుడు, తూటా లోపలికి వెళ్లిన రంధ్రాన్నీ బయటికి వచ్చిన రంధ్రాన్నీ కలిపి దాని దారిని గీసి, ఆ దారిలో ఏ భాగం దెబ్బతింటే చూపులో ఏ మూల చీకటి పడుతుందో పోల్చి చూశారు. చూపు నడిబిందువుకు కార్టెక్స్‌లో అనుపాతానికి మించిన చోటు ఉందని ఆయన 1909లో ప్రకటించారు. మీరు ఈ అక్షరం మీదే చూపు నిలిపి, పక్క వరుసను కళ్లు కదపకుండా చదవడానికి ప్రయత్నించండి. అసమానమైన ఆ పంపకం అనుభవంలోకి వస్తుంది.

అక్కడి కణాలు దేనికి స్పందిస్తాయో చాలాకాలం తెలియలేదు. 1950ల చివరలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లి కళ్ల ముందు చుక్కలు చూపుతూ విసిగిపోయారు. గాజు పలకను యంత్రంలో దూర్చుతుండగా, దాని అంచు నీడ సన్నని గీతగా తెర మీద కదిలి, అప్పటిదాకా మౌనంగా ఉన్న కణం ఒక్కసారిగా మోగిపోయింది. ఆ కణానికి కావలసింది చుక్క కాదు, ఒక నిర్దిష్టమైన వాలులో ఉన్న గీత. పక్క పక్క కణాలు క్రమంగా మారే వాలులకు స్పందిస్తాయని తేల్చిన ఆ పనికి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రశ్న: పిల్లల కుడి మెదడును మేల్కొలిపే శిక్షణ అని ఒక సంస్థవారు ప్రచారం చేస్తున్నారు. ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు అంటున్నారు. చేర్పించవచ్చా? (ఒక తండ్రి)

జవాబు: మీ డబ్బు, మీ ఇష్టం, శాస్త్రం మాత్రం వారి పక్షాన లేదు. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్‌లో దాదాపు 20 కోట్ల తంతువులు ఉన్నాయి. లెక్క చేసినా, బొమ్మ గీసినా రెండు వైపులా పనిలో ఉంటాయి.

ఈ ప్రచారం ఒక గొప్ప పరిశోధనకు పట్టిన తెగులు. తీవ్రమైన మూర్ఛను అదుపు చేయడానికి ఆ కట్టను కోసిన కొద్దిమంది రోగులను రోజర్ స్పెర్రీ, ఆయన సహచరులు 1960ల నుంచి పరీక్షించారు. రోగి చూడకుండా ఎడమ చేతిలో చెంచా పెడితే ఆ సమాచారం కుడి అర్ధగోళానికి చేరుతుంది. అది ఏమిటో నోటితో చెప్పలేరు, కాని అదే చేత్తో వస్తువుల గుంపు నుంచి చెంచాను ఏరి తీస్తారు. కట్ట తెగిన మెదడులో తేలిన తేడాను, కట్ట చెక్కుచెదరని మీ అబ్బాయికి అంటగట్టడం న్యాయం కాదు.

రెండు వైపులకూ నిజమైన తేడాలు ఉన్నాయి, అవి ప్రకటనల్లో చెప్పేవాటి కంటే వింతైనవి. కుడి వైపు, నడినెత్తికి వెనుక పక్కనున్న ప్రాంతం పక్షవాతంతో దెబ్బతిన్న కొందరికి ఎడమ వైపు ప్రపంచం చూపు ఉన్నా పట్టదు. ముఖంలో కుడి సగమే గడ్డం గీసుకుంటారు. 1978లో ఇటలీ పరిశోధకులు అటువంటి మిలాన్ రోగులను తమ నగరంలోని పెద్ద చర్చి ముందున్న మైదానాన్ని ఊహించి వర్ణించమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించినప్పుడు కుడి వైపు భవనాలనే చెప్పారు. చర్చి మెట్ల మీద నుంచి చూస్తున్నట్టు ఊహించమంటే, అంతకుముందు వదిలేసిన భవనాలను చెప్పి, చెప్పినవాటిని వదిలేశారు. జ్ఞాపకం మొత్తం భద్రంగానే ఉంది, ఎడమ అన్న దిక్కు ఒక్కటే తప్పిపోయింది.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. తెలివైనవాడే, కాని తొందరపాటు, కోపం. మెదడు ముందుభాగం ఇంకా ఎదగకపోవడమే కారణమని విన్నాను. (ఒక తల్లి)

జవాబు: కొంతవరకు నిజం. నుదుటి వెనుకనున్న ముందుభాగపు కార్టెక్స్ చివరగా పరిణతి చెందే ప్రాంతాలలో ఒకటి. ఆ మార్పులు ఇరవైలలో కూడా సాగుతాయి. రాబోయే ఫలితాన్ని తూచడం, వచ్చిన ఉద్రేకాన్ని ఆపడం వంటివి దాని మీద చాలావరకు ఆధారపడతాయి.

ఈ సందర్భంలో అందరూ చెప్పే కథ ఫీనియస్ గేజ్‌ది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేలుస్తుండగా, మీటరుకు పైగా పొడవు, 6 కిలోల బరువు ఉన్న ఇనుప కడ్డీ ఆయన చెంప కింద దూరి నడినెత్తి నుంచి బయటికి వచ్చింది. బతికారు, మాట్లాడారు, కాని ఇతను మునుపటి గేజ్ కాదని స్నేహితులు అన్నారట. కథ సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. ఆయన తరువాత చిలీ దేశంలో ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలి, ప్రయాణికులతో మసలి, 1860లో మరణించిన సంగతి చెప్పరు. నియమంగా సాగే దినచర్య, ముందుభాగం దెబ్బతిన్న మనిషిని కూడా కొంత నిలబెట్టిందన్నమాట. మీ అబ్బాయి విషయంలో పనికివచ్చేది కథలోని ఈ రెండో సగమేనని నా అభిప్రాయం. అతని మెదడు చెడలేదు, ఇంకా కుదురుకుంటోంది. నిద్ర వేళలు, పనుల వేళలు స్థిరంగా ఉంచండి. కోపం దిగాకనే మాట్లాడండి.

ప్రశ్న: రోగి మెలకువగా ఉండగానే మెదడుకు ఆపరేషన్ చేస్తారని విన్నాను. నొప్పి ఉండదా? ఎందుకలా చేస్తారు?

జవాబు: చర్మానికీ ఎముకకూ మెదడును బయటి నుంచి కప్పి ఉంచే తొడుగులకూ నొప్పి తెలుస్తుంది కనుక వాటికి మత్తు ఇస్తారు. మెదడు కణజాలానికి నొప్పిని గ్రహించే నాడులు లేవు. కార్టెక్స్ పటం మనిషికీ మనిషికీ కొంత మారుతుంది కాబట్టి, ఏ గట్టును ముట్టవచ్చో, ఏది కూడదో ఆ రోగినే అడిగి తెలుసుకోవడానికి మెలకువగా ఉంచుతారు.

కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ పద్ధతితో వందల మందికి మూర్ఛ శస్త్రచికిత్సలు చేశారు. సన్నని తీగతో స్వల్ప విద్యుత్తును ఒక్కో చోట తాకించి, ఏం జరిగిందో నమోదు చేసి, ఆ చోట అంకె వేసిన చిన్న చీటీ పెట్టేవారు. ఒకచోట తాకితే పెదవి జివ్వుమనేది, మరొకచోట తాకితే మాట మధ్యలో ఆగిపోయేది. పైన చెప్పిన తలకిందుల పటం 1937లో వెలువడింది ఆ చీటీల నుంచే. చలన ప్రాంతాన్ని తాకినప్పుడు రోగి చెయ్యి కదిలేది. ఎందుకు కదిపారని అడిగితే, తాము కదపలేదనీ, డాక్టరే కదిపించారనీ వారు చెప్పేవారని పెన్‌ఫీల్డ్ రాశారు. చేతిని కదిపే చోటును ఆయన తీగ కొనతో పట్టుకోగలిగారు. కదపాలన్న కోరికను పుట్టించే చోటు మాత్రం ఆ చీటీలలో దేని కిందా దొరకలేదు.